‘మావాడు ఏమీ తినడండీ’ – ఈ మాటను తూచడం ఎలా?



పిల్లల వైద్యంలో గడిపిన నాలుగు దశాబ్దాలలో నేను అన్నిటికంటే ఎక్కువసార్లు విన్న మాట ఏదని ఎవరైనా అడిగితే, జ్వరమనో దగ్గనో చెప్పను. ‘మావాడు ఏమీ తినడండీ’ అన్న మాటే చెబుతాను. ఆ మాట అనే తల్లి అబద్ధమాడదు. అయినా ఆ మాట నిజం కాదు. ఏమీ తినని పిల్లవాడు నాలుగేళ్ళు పెరిగి, మెట్లెక్కి వచ్చి, నా బల్ల మీది స్టెతస్కోపును లాగడు కదా! ఆ బిడ్డ ఏదో తింటూనే ఉన్నాడు. ఏది తింటున్నాడు, ఎంత తింటున్నాడు, ఏది అసలే ముట్టడం లేదు అన్నది తేల్చడమే అసలు పని. చూడటానికి తేలికగా తోచే ఈ పని వైద్యంలోని కష్టమైన కొలతలలో ఒకటి. సొంత ఊరు విడిచి వేరొక చోట బ్రతికే కుటుంబాల పిల్లల విషయంలో అది మరింత కష్టం. ఈ సంగతిని కొంచెం వివరంగా మీకు విన్నవించాలని ఈ వ్యాసం రాస్తున్నాను.

రావులపాలేన్ని కోనసీమ ముఖద్వారమంటారు. ఒక పక్క గౌతమి, మరొక పక్క వశిష్ఠ, నడుమ 16వ నంబరు జాతీయ రహదారి. ఈ ద్వారం గుండా వెళ్ళినవారూ ఉన్నారు, వచ్చినవారూ ఉన్నారు. కోనసీమ నుంచి కువైట్, మస్కట్, దుబాయ్ వెళ్ళి ఇళ్ళలో పనిచేసే తల్లులున్నారు. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉద్యోగాలు చేసుకునే దంపతులున్నారు. వారి పిల్లలలో కొందరు అక్కడే పెరుగుతూ వేసవి సెలవులకో సంక్రాంతికో తాతగారింటికి వస్తారు. కొందరు ఇక్కడే అమ్మమ్మల చేతుల మీద పెరుగుతారు. ఇక ఈ వైపు చూస్తే, గోదావరి ప్రాంతపు ఇటుక బట్టీలలో పనికి ఒడిశా నుంచి, ఉత్తరాంధ్ర నుంచి వచ్చే కుటుంబాలున్నాయి. చలికాలంలో వచ్చి, వానలు పడేలోగా తిరిగి వెళ్ళిపోతారు. కలిమిలేముల విషయంలో ఈ వర్గాలకు పోలికే లేదు. కానీ డాక్టరు ముందు కూర్చున్నప్పుడు వీరి పిల్లలందరికీ ఎదురయ్యే చిక్కు ఒకటే: వారి తిండిని కొలవడానికి మనం వాడే పద్ధతులు వారిని దృష్టిలో ఉంచుకొని తయారైనవి కావు.

అడిగే పద్ధతులు

పిల్లవాడి ఆహారాన్ని అంచనా వేయడానికి ప్రధానంగా మూడు మార్గాలున్నాయి. మొదటిది, నిన్న ఉదయం లేచింది మొదలు నేటి ఉదయం దాకా ఏమేమి తిన్నాడో గుర్తు చేసుకొని చెప్పమనడం. దీనిని 24 గంటల జ్ఞాపక పద్ధతి అందాం. రెండవది, ఒక పెద్ద జాబితా చేతికిచ్చి, అందులోని ఒక్కొక్క పదార్థాన్ని వారానికో నెలకో ఎన్నిసార్లు తింటాడో గుర్తు పెట్టమనడం. దీనిని జాబితా పద్ధతి అందాం. మూడవది, పెట్టేముందు తూచి, తినగా మిగిలినది తూచి, తేడాను పుస్తకంలో రాయడం. మూడవది కచ్చితమైనదే గాని, చంటిపిల్లలున్న ఇంట్లో ఎన్ని రోజులు సాగుతుంది? పైగా ఎవరో తూచి రాస్తున్నారని తెలిస్తే ఆ నాలుగు రోజులూ ఇంటి వంటే మారిపోతుంది.

మన దేశంలో ఈ విషయమై గట్టి కృషి జరిగింది. 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ ప్రారంభించిన చిన్న పరిశోధన కేంద్రమే 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, నేటి జాతీయ పోషకాహార సంస్థ అయింది. ఆ సంస్థ ఆధ్వర్యంలో 1972లో ఏర్పడిన జాతీయ పోషకాహార పర్యవేక్షణ విభాగం వారు పల్లెలకు వెళ్ళి, 24 గంటల జ్ఞాపక పద్ధతిలోనే ఇంటింటి తిండినీ లెక్కగట్టారు. వారి చేతిలో ముందే కొలిచి సిద్ధం చేసిన గిన్నెల సెట్టు ఉండేది. నిన్న ఎన్ని బియ్యం పోశారు, వండితే అన్నం ఎంత అయింది, అందులో ఈ పిల్లకు ఎంత పెట్టారు అని వరుసగా అడిగేవారు. ఇల్లాలు గిన్నె చూపించి ‘ఇంత’ అంటే, దాన్ని బట్టి ఆ పిల్ల వాటాకు వచ్చిన బియ్యం గ్రాములు తేలేవి. ఆ గ్రాములను ఆహార పట్టికలతో పోల్చి శక్తి, మాంసకృత్తులు, ఇనుము ఎంతెంత అందాయో లెక్కించేవారు. అదే సంస్థ 2017లో ప్రచురించిన పట్టికలలో 528 భారతీయ ఆహార పదార్థాల వివరాలున్నాయి.

ఇంతవరకూ బాగానే ఉంది. అయితే ఈ లెక్క చివర వచ్చే అంకె నిజమని మనకు తెలిసేదెలా?

కాటాకు కూడా పరీక్ష ఉండాలి

మా ఊరి అరటి మార్కెట్టు పేరు మీరు వినే ఉంటారు. ఇక్కడ ఎక్కిన గెలలు రాష్ట్రాలు దాటి వెళతాయి. అటువంటి చోట ఒక కాటా ఉందనుకోండి. ఒకే గెలను పదిసార్లు పెట్టినా పదిసార్లూ 14 కిలోలే చూపించింది. ఇది నమ్మదగిన కాటాయేనా? తొందరపడకండి. ఆ గెల అసలు బరువు 12 కిలోలై ఉండవచ్చు. పదిసార్లూ ఒకే మాట చెప్పడం నిలకడ. ఉన్నది ఉన్నట్టు చెప్పడం నిజం. నిలకడ ఉన్నంత మాత్రాన నిజమున్నట్టు కాదు. నిజం తేలాలంటే తూనికలు కొలతల శాఖవారి ముద్ర ఉన్న రాయిని ఆ కాటా మీద పెట్టి చూడాలి.

ఆహార అంచనా పద్ధతులకు అటువంటి ముద్రరాయి ఏది? శక్తి విషయంలో ఒకటుంది. 1950లలో నేథన్ లిఫ్సన్ బృందం జంతువుల కోసం రూపొందించిన ఒక పద్ధతిని 1982లో డేల్ షోలర్ మనుషులలో ప్రయోగించి చూపించారు. ఇందులో పిల్లవాడి చేత ప్రత్యేకమైన నీళ్ళు కొద్దిగా తాగిస్తారు. ఆ నీటిలోని హైడ్రోజన్, ఆక్సిజన్ పరమాణువులు మామూలు వాటికంటే కాస్త బరువైనవి. వాటికి రేడియో ధార్మికత లేదు, హాని చేయవు. బరువైన హైడ్రోజన్ మూత్రం, చెమట వంటి నీటి రూపంలో మాత్రమే బయటికి పోతుంది. బరువైన ఆక్సిజన్ నీటితోపాటు మనం వదిలే బొగ్గుపులుసు వాయువులోనూ పోతుంది. కొన్ని రోజులపాటు మూత్రాన్ని పరీక్షించి ఈ రెండింటి తేడా చూస్తే, ఒంట్లో ఎంత శక్తి ఖర్చయిందో తెలుస్తుంది. బరువు పెద్దగా మారని పిల్లవాడు ఖర్చు చేసినంతా తిన్నట్టే కదా! అమ్మ చెప్పిన లెక్కను ఈ లెక్క పక్కన పెడితే పద్ధతి గుట్టు బయటపడుతుంది. ఇది ఖరీదైన పరీక్ష. పరిశోధనలకే గాని, మీ నా ఆసుపత్రులకు పనికివచ్చేది కాదు.

ఇలా పోల్చి చూసిన అధ్యయనాలన్నిటినీ ఆస్ట్రేలియాకు చెందిన ట్రేసీ బరోస్, ఆమె సహచరులు 2010లో ఒకచోట చేర్చి పరిశీలించారు. 4 నుంచి 11 ఏళ్ళ పిల్లలలో అన్నిటికంటే నిజానికి దగ్గరగా వచ్చినది 24 గంటల జ్ఞాపక పద్ధతే. అయితే దానికి షరతులున్నాయి. ఒక్క రోజు అడిగితే చాలదు, కనీసం మూడు రోజులు అడగాలి. వాటిలో బడి ఉన్న రోజులూ సెలవు రోజూ రెండూ ఉండాలి. ఒకే ప్రశ్న వేసి ఊరుకోక, విడతలు విడతలుగా గుర్తు చేస్తూ అడగాలి. జవాబు తల్లిదండ్రులు చెప్పాలి. అంతకంటే చిన్నపిల్లలకు తూచి రాసే పద్ధతే మేలని తేలింది.

పిల్లలనే అడిగితే ఏమవుతుంది? అమెరికాలో సుజాన్ డోమెల్ బాక్స్టర్ అనే పరిశోధకురాలు తొమ్మిది, పదేళ్ళ పిల్లలు బడిలో భోజనం చేస్తుంటే దగ్గర ఉండి గమనించి, తరువాత వారినే అడిగి చూశారు. పిల్లలు తిన్నవి కొన్ని మరచిపోయారు. విచిత్రమేమిటంటే, తిననివి కొన్ని తిన్నామని చెప్పారు. భోజనానికీ ప్రశ్నకూ నడుమ గడిచిన సమయం పెరిగిన కొద్దీ పొరపాట్లూ పెరిగాయి. పిల్లలు బొంకుతారని దీని అర్థం కాదు. నిన్నటి పళ్ళెం, మొన్నటి పళ్ళెం వారి మనసులో కలిసిపోతాయి, అంతే.

‘పాలు తిండిలోకి వస్తాయాండీ?’

ఇవన్నీ సొంత భాషలో, సొంత వంటతో, సొంత ఊళ్ళో బ్రతికే పిల్లల సంగతి. వలస వెళ్ళిన ఇంట్లో ఈ పద్ధతి మూడు చోట్ల బీటలు వారుతుంది. అడిగే భాష దగ్గర, కొలిచే గిన్నె దగ్గర, జవాబు చెప్పే మనిషి దగ్గర. నేను చూసిన ఇద్దరు పిల్లల సంగతి చెబితే ఇది మీకు సులభంగా బోధపడుతుంది. వారెవరో గుర్తుపట్టే వివరాలు తీసివేశాను.

మొదటివాడు నాలుగేళ్ళ బాలుడు, అమెరికాలో పుట్టాడు. తల్లిదండ్రులిద్దరూ ఉద్యోగస్థులు. నాయనమ్మ ఆరు నెలలు అక్కడే ఉండి చూసుకుంది. అక్కడి ఒక క్లినిక్కులో ఆహార వివరాల కాగితం నింపమన్నారు. తల్లి ఆ ఇంగ్లీషు ప్రశ్నలను తెలుగులో అత్తగారిని అడిగి రాసింది. లెక్క వేస్తే రోజుకు 780 కిలోకాలరీలు తేలాయి. మన జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్కల ప్రకారం 4–6 ఏళ్ళ పిల్లలకు రోజుకు సగటున 1360 కావాలి. దాదాపు సగమే తింటున్నాడని కంగారుపడి, పాలలో కలిపి ఇచ్చే బలవర్ధక పొడి ఒకటి సూచించారు. వేసవిలో రావులపాలెం వచ్చినప్పుడు ఆ కాగితాన్నీ, పిల్లవాణ్ణీ నా దగ్గరికి తెచ్చారు.

పిల్లవాడి ఎత్తు, బరువు వయసుకు తగ్గట్టే ఉన్నాయి. ఆ కాగితం నిజమైతే అలా ఉండడం సాధ్యం కాదు. అయితే కనురెప్పల లోపలి భాగం మాత్రం పాలిపోయి ఉంది. నేను నాయనమ్మను అడిగాను.

‘రోజంతా ఏమి పెడతారమ్మా?’

‘తినడానికేముందండీ బాబుగారూ, రెండు పూటలా నాలుగేసి ముద్దలు. అదీ పరిగెత్తిస్తూ పెట్టాలండి.’

‘మరి తాగడానికి?’

‘ఆయ్, పాలైతే బాగానే తాగుతాడండీ. లేవగానే ఒక సీసా, మధ్యాహ్నం నిద్రకు ఒకటి, రాత్రి పడుకోబోయేటప్పుడు ఒకటి. పాలు తిండిలోకి వస్తాయాండీ?’

సీసా 300 మిల్లీలీటర్లది. రోజుకు 900 మిల్లీలీటర్ల చిక్కటి పాలు. వాటి నుంచే సుమారు 550 కిలోకాలరీలు వస్తాయి. కాగితం మీది 780కి కలిపి చూడండి, లెక్క ఇంచుమించు సరిపోయింది. నాయనమ్మ దాచిందేమీ లేదు. ‘ఏమి తింటాడు?’ అని అడిగారు, తినేవి చెప్పింది. మన భాషలో తినడం వేరు, తాగడం వేరు. ‘అన్నం తిన్నావా?’ అంటే భోజనమైందా అని అర్థం. అన్నం కానిది మన లెక్కలో తిండి కాదు, టిఫినే, చిరుతిండే. ఇంగ్లీషు కాగితం దగ్గర మొదలైన ప్రశ్న తెలుగు వంటింటికి చేరేసరికి దాని అర్థం సగానికి కుదించుకుపోయింది.

ఇది వినోదం కోసం చెప్పే కథ కాదు. పాలలో ఇనుము దాదాపు ఉండదు. పైగా పాలలోని కాల్షియం, కేసీన్ ఇతర ఆహారంలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. కడుపు పాలతో నిండిపోతే పప్పు, ఆకుకూర, గుడ్డు లోపలికి వెళ్ళే చోటే ఉండదు. చిన్నపిల్లలకు రోజుకు అర లీటరు పాలు చాలు. 700 మిల్లీలీటర్లు దాటితే రక్తహీనత ముప్పు పెరుగుతుంది. ఆ బాలుడి హిమోగ్లోబిన్ 9.1 ఉంది. ఆ వయసులో 11కు తగ్గకూడదు. ఇనుము నిల్వలు తెలిపే ఫెరిటిన్ కూడా అడుగంటి ఉంది. అంటే వాడికి తక్కువైనది శక్తి కాదు, ఇనుము. తప్పు లెక్క చూపిన దారిలో మరిన్ని పాలు, వాటిలో మరింత పొడి ఇస్తూ పోతే రోగం ముదిరేది. పాలు తగ్గించి, ఇనుము మందు మొదలుపెట్టి, ఆ పాల స్థానంలోకి ఇంటి తిండి తెచ్చాక, సెలవులు ముగిసేనాటికే వాడి ముఖంలో రక్తం కనిపించసాగింది.

గిన్నెడు అన్నంలో మెతుకులెన్ని?

రెండవది మూడేళ్ళ పాప. తల్లిదండ్రులు ఒడిశా నుంచి ఇటుక బట్టీకి వచ్చారు. అక్కడ జరిగిన ఒక వైద్య శిబిరంలో చూశాను. కొలత గిన్నెలతో అడిగే పనిని ఒక యువకుడు శ్రద్ధగానే చేస్తున్నాడు. తల్లి గిన్నె చూపించి, పొద్దున ఇంత, రాత్రి ఇంత అన్నం తింటుందని సైగలతో, వచ్చీరాని తెలుగుతో చెప్పింది. కాగితం మీద బియ్యం లెక్క నిండుగా తేలింది. లోటు లేదని రాశాడు. కానీ ఆ పాప జబ్బ చుట్టుకొలత 12.1 సెంటీమీటర్లే ఉంది. అయిదేళ్ళలోపు బిడ్డకు 12.5 కంటే తగ్గితే పోషణ లోపం, 11.5 కంటే తగ్గితే తీవ్ర లోపం. కాగితం ఒకటి చెబుతోంది, చెయ్యి మరొకటి చెబుతోంది.

వారి గుడిసె దగ్గరికి వెళ్ళి చూస్తే విషయం తేలింది. వారు తినేది పఖాళ. అంటే రాత్రి అన్నంలో నీళ్ళు పోసి పులియబెట్టినది. మన చద్దన్నానికి, ఉత్తరాంధ్ర తరవాణికి అది తోబుట్టువు. వేసవిలో చలువ చేసే మంచి ఆహారమే. కానీ గిన్నెలోని దాన్ని వడగట్టి చూస్తే మెతుకులు సగం కంటే తక్కువ, మిగతావి నీళ్ళు. పొడి అన్నం కోసం తయారైన కొలత గిన్నె నీళ్ళను కూడా అన్నంగా లెక్కవేసింది. దానికితోడు ఆ శిబిరం జరిగినది సోమవారం. ముందురోజు ఆదివారం చేతికి వారం ఖర్చులు అంది, కోడి కూర వండుకున్నారు. 24 గంటల జ్ఞాపకంలో ఆ కూరే వచ్చింది. మిగిలిన ఆరు రోజుల ఉప్పు, పచ్చిమిరపకాయ రాలేదు.

ఈ రెండు సంగతులనూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒక కాగితం తిండికి లోటులేని బిడ్డను పస్తులున్నవాడిగా చూపి, వాడిలోని అసలు లోపాన్ని కప్పిపుచ్చింది. మరొక కాగితం పస్తులున్న బిడ్డను తిండికి లోటులేనిదానిగా చూపింది. మొదటిదాని వల్ల అక్కరలేని పొడి కొన్నారు. రెండవదాని వల్ల అక్కరైన సాయం ఆ పాపకు అందకుండా పోయేది. రెండు చోట్లా అంకె మాత్రం దశాంశాలతో సహా చాలా అందంగా ఉంది!

ఒక్క అరటిపండు అంటే ఎంత?

జాబితా పద్ధతిలో ఉన్న చిక్కుకు మా ఊరి పంటే ఉదాహరణ. అమెరికా వ్యవసాయ శాఖ పట్టికలలో మధ్యస్థమైన అరటిపండు అంటే తొక్క తీసిన 118 గ్రాములు, సుమారు 105 కిలోకాలరీలు. అక్కడి దుకాణాలలో దాదాపు ఒకే రకం, ఇంచుమించు ఒకే పరిమాణంలో దొరుకుతుంది కాబట్టి ఆ లెక్క చెల్లుతుంది. మరి రావులపాలెంలో? కర్పూర చక్కెరకేళి వేరు, తెల్ల చక్కెరకేళి వేరు, అమృతపాణి వేరు. ఒకే గెలలో పై అత్తం పండు, అడుగు అత్తం పండు ఒక్క తూకానికి రావు. ఆ 118 గ్రాములలో సగం కూడా తూగని పండ్లు ఎన్నో ఉంటాయి. ఇక కూర అరటి పండే కాదు, కూరగాయ. ‘రోజుకు ఎన్ని అరటిపండ్లు?’ అన్న ప్రశ్నకు అక్కడి మనవడూ ఇక్కడి మనవరాలూ ‘రెండు’ అనే చెబుతారు. ఆ రెండూ ఒకటి కావు.

పరిమాణం సరే, అసలు పదార్థమే జాబితాలో లేకపోతే? ఒక జాతివారి కోసం తయారైన జాబితాలో గోంగూర ఉండదు, పులిహోర ఉండదు, మజ్జిగ ఉండదు. లేనిదానికి గుర్తు ఎక్కడ పెడతారు? ఈ ఇబ్బందిని గమనించే కెనడాలో లిండా కెలెమెన్, సోనియా ఆనంద్ మొదలైన పరిశోధకులు దక్షిణాసియా, చైనా, ఐరోపా మూలాలు గల పెద్దవారికి వేర్వేరు ప్రశ్నావళులు తయారుచేసి, వారు రోజూ రాసుకున్న ఆహార వివరాలతో పోల్చి పరీక్షించారు. ఆ ఫలితాలు 2003లో వెలువడ్డాయి. ఇక్కడ నేర్చుకోవలసినది ఒకటుంది. ఒక ప్రశ్నావళిని ఒక జనంలో పరీక్షించి సరైనదన్నంత మాత్రాన అది మరొక జనంలోనూ సరైనది కాదు. అనువాదం చేస్తే సరిపోదు, మళ్ళీ పరీక్షించాలి. పెద్దవారి మీద పరీక్షించినది పిల్లలకూ చెల్లుతుందని అనుకోకూడదు.

చెప్పేదెవరు?

మూడవ బీట మనిషి దగ్గర. పైన చెప్పిన 2010 నాటి పరిశీలన తల్లిదండ్రులు చెప్పాలంటుంది. తల్లి కువైట్‌లో ఉండి, పిల్ల ఇక్కడ అమ్మమ్మ దగ్గర ఉంటే? వీడియో కాల్‌లో ‘ఏం తిన్నావే?’ అని తల్లి అడిగితే పిల్ల ఏమి చెబుతుంది? అమ్మ విని సంతోషించేదే చెబుతుంది. పక్కనే కూర్చున్న అమ్మమ్మ, కూతురు బెంగపడకూడదని ‘గుడ్డు పెట్టానే, నెయ్యి వేశానే’ అంటుంది. అందులో కపటం లేదు, ప్రేమ ఉంది. కానీ ఆ ప్రేమ కొలత కాదు.

బడికి వెళ్ళే పిల్ల మధ్యాహ్నం ఏమి తిన్నదో ఇంట్లో ఎవరికీ తెలియదు. ఇప్పుడు మన రాష్ట్రంలో బడి భోజనానికి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. లంకల గన్నవరంలో ఏ వేళ వచ్చినవారికైనా అన్నం పెట్టిన ఆ తల్లి మా కోనసీమ మనిషే కావడం మాకు గర్వకారణం. ఆ పథకంలో గుడ్డు ఇస్తారు, చిక్కీ ఇస్తారు. అయితే ఇచ్చినదంతా తిన్నట్టు కాదు. గుడ్డును పక్క పిల్లకు ఇచ్చేసే పిల్లలున్నారు. రెండు తినేవారూ ఉన్నారు. ఇక తోటల వెంట తిరిగే పిల్లలు తినే తాటి ముంజలు, రేగుపండ్లు, కొబ్బరి ముక్కలు ఎవరి లెక్కలోకీ రావు.

మీరు చేయగలిగినది

ఇంత చదివాక, మరి ఏమీ నమ్మనక్కరలేదా అని మీరు అడగవచ్చు. నమ్మాలి, పరీక్షించి నమ్మాలి. ఈ పద్ధతులు వెయ్యిమంది సగటును చెప్పడానికి బాగా ఉపయోగపడతాయి. ఒక్క బిడ్డ విషయంలో తీర్పు చెప్పడానికి మాత్రం అవి ఒంటరిగా చాలవు. డాక్టరును కలిసే ముందు మీరు ఇంటివద్ద ఈ పనులు చేసుకుంటే ఆ లెక్క నిజానికి చాలా దగ్గరవుతుంది.

ఒకటి. మూడు రోజుల వివరాలు రాయండి. రెండు బడి రోజులు, ఒక సెలవు రోజు. పండుగ రోజును, జ్వరం వచ్చిన రోజును వదిలిపెట్టండి. సాయంత్రం వరకూ ఆగకుండా, తిన్న వెంటనే రాయండి.

రెండు. మీ ఇంటి గిన్నెలను, గ్లాసులను, పాల సీసాను ఒక్కసారి నీళ్ళతో కొలిచి, ఏది ఎన్ని మిల్లీలీటర్లో రాసి పెట్టుకోండి. ముద్దలలో పెట్టే బిడ్డకైతే, పెట్టబోయే కలిపిన అన్నాన్ని ఒకసారి తూచి, మిగిలినది మళ్ళీ తూచండి. మీ చేతి ముద్ద ఎన్ని గ్రాములో తెలిసిపోతుంది. గంజి, చద్దన్నం, చారన్నం వంటివాటిలో మెతుకులెన్నో నీళ్ళెన్నో వేరుగా రాయండి.

మూడు. మరచిపోయే వాటి జాబితా ఒకటి గోడకు అంటించుకోండి. అమెరికా వ్యవసాయ శాఖవారు తమ 24 గంటల పద్ధతిలో మరచిపోయే పదార్థాల కోసమే ఒక విడత ప్రత్యేకంగా అడుగుతారు. మన ఇళ్ళకు తగిన జాబితా ఇదిగో: పాలు, మజ్జిగ, బిస్కెట్లు, బెల్లం ముక్క, కొబ్బరి ముక్క, పండ్లు, జంతికలు, పూతరేకులు, గుడి ప్రసాదం, అన్నంలో నెయ్యి, పచ్చడిలో నూనె, అప్పడాలు, వడియాలు, దుకాణంలో కొన్న పొట్లాలు, సీసాలలోని తియ్యటి పానీయాలు. ‘తిన్నది, తాగినది, నోట్లో వేసుకున్నది’ అని మూడు మాటలతో అడగండి.

నాలుగు. బిడ్డకు పెట్టే చేతులన్నిటినీ అడగండి. నాయనమ్మ, అమ్మమ్మ, ఆయా, బడి టీచరు, పక్కింటి పిన్ని. విదేశాలలో ఉన్నవారు డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు, నిజంగా తినిపించే మనిషిని వెంట తీసుకువెళ్ళండి, లేదా ఫోనులో కలపండి. భాష రాదని పెద్దవారిని ఇంట్లో వదిలి వెళ్ళవద్దు. మీకు వచ్చిన భాషలో సమాధానం లేదు, ఆమెకు తెలిసిన భాషలో ఉంది. దోసె, ఉప్మా, పప్పుచారు వంటి పేర్లను ఇంగ్లీషులోకి మార్చే బదులు, వాటిలో ఏమేమి పడతాయో చెప్పండి.

అయిదు. అన్నిటికంటే ముఖ్యమైనది. కాగితాన్ని బిడ్డతో పోల్చండి. ఎదుగుదల పట్టికలో బరువు, ఎత్తు గీతలు తమ దారిన సాగుతూ, పిల్లవాడు చురుగ్గా ఆడుకుంటూ ఉంటే, సగం తిండే తింటున్నాడని చెప్పే కాగితాన్ని అనుమానించండి. గీత కిందికి వంగుతూ ఉంటే, అంతా నిండుగా ఉందని చెప్పే కాగితాన్ని అనుమానించండి. అవసరమైతే హిమోగ్లోబిన్, ఫెరిటిన్ వంటి పరీక్షలు డాక్టరుగారే రాస్తారు. ఒక్క కాగితం చూసి బలవర్ధక పొడులు, టానిక్కులు మీ అంతట మీరు మొదలుపెట్టకండి.

పాలిపోయిన ముఖం, మన్ను, సుద్ద, పచ్చి బియ్యం తినే అలవాటు, రెండు మూడు నెలలుగా పెరగని బరువు, తరచూ విరేచనాలు, ఆటల మీద ఆసక్తి తగ్గడం – వీటిలో ఏది కనిపించినా తిండి లెక్కలతో కాలయాపన చేయక వెంటనే పిల్లల వైద్యునికి చూపించండి.

చివరగా ఒక విన్నపం. మీ ఊళ్ళోని బట్టీలోనో, తోటలోనో, కట్టడం పనిలోనో వేరే భాష మాట్లాడే కుటుంబం ఉంటే, వారి పిల్లలను అంగన్‌వాడీ కార్యకర్తకు ఒకసారి చూపించండి. జబ్బ కొలిచే టేపుకు భాష అక్కరలేదు, ఒక్క నిమిషం చాలు. ఆ కుటుంబం మళ్ళీ వానలకు ముందే వెళ్ళిపోతుంది. మూడేళ్ళ పాపకు ఆ ఆరు నెలలు చాలా పెద్ద కాలం.

మీ పిల్లలు ఆరోగ్యంగా ఎదగాలని ఆకాంక్షిస్తూ, సెలవు.